నర్సింగ్ చదువుతూ మట్టిబొమ్మలు: ప్యాకెట్ మట్టా, కుమ్మరి ఆవమా, ప్లాస్టర్ అచ్చా? ఏది మేలు?

టైం సంగతి ముందే పక్కన పెట్టేద్దాం. బీఎస్సీ నర్సింగ్‌లో చేరినవాళ్లెవరికీ టైం ఉండదు. పొద్దున్న వార్డు పోస్టింగు, మధ్యాహ్నం క్లాసు, రాత్రి కేర్ ప్లాన్లు, ఆపైన 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, క్లినికల్ హాజరైతే డిగ్రీ చేతికొచ్చేలోగా నూటికి నూరూ పూర్తి చేయాల్సిందే. అయినా ఫోన్‌లో పోయే అరగంట ఎలాగూ పోతూనే ఉంటుంది, దాన్ని బొమ్మకిస్తే సరి. చిక్కంతా మట్టితోనే. మన డ్యూటీ చార్టుతో దానికేం పని? ఇవాళ మొదలుపెట్టిన తల రేపు సాయంత్రానికి కాస్త బిగుస్తుంది, సరిగ్గా అప్పుడే లోపల తవ్వాలి, చెవులు అతకాలి. ఆ సాయంత్రమే మీకు ఈవెనింగ్ డ్యూటీ పడిందనుకోండి, ఎల్లుండికి అది రాయి. అందుకే నేను ఏది మేలని చూసేది ఒక్క లెక్కనే: సగంలో వదిలి వెళ్తే మన కోసం ఏది ఆగుతుంది?

మొదట అందరూ పడేది ప్యాకెట్ మట్టి మీద. స్టేషనరీ షాపులో ‘ఎయిర్ డ్రై క్లే’ అని అమ్ముతారు, కాల్చే పని లేదు, హాస్టల్ బల్ల మీద పేపరు పరుచుకుని చేసుకోవచ్చు, వార్డెన్ కూడా ఏమీ అనరు. బాగానే ఉంది గానీ అది ఎంత ఆరినా సెరామిక్ అవదు. నీళ్లు తగిలితే మెత్తబడుతుంది, కాగితం గుజ్జు కలిపిన రకమైతే మన వానాకాలానికి బూజు పడుతుంది. పైగా ఒకసారి విప్పిన ప్యాకెట్ నైట్ డ్యూటీల వారం గడిచేసరికి అంచులెండి పనికిరాకుండా పోతుంది. పాలిమర్ క్లే అయితే ఎండదు, నిజమే, కానీ అది పీవీసీ, అంటే ప్లాస్టిక్ సరుకు, 130 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో పెట్టాలి, హాస్టల్లో ఎలక్ట్రిక్ కెటిల్‌నే దాచుకుని వాడతాం. చెవికమ్మలు, కీచైన్లు చేసుకునేవాళ్లకి ఓకే. శిల్పం అనుకుంటే మాత్రం నా ఓటు దీనికి లేదు.

ఇక కుమ్మరి ఆవం, అంటే కుండలు కాల్చే బట్టీ. మనసు పోయేది దీనిమీదకే. మన గోదావరి డెల్టాలో మట్టికి కరువేముంది, ఊరి చెరువు మట్టి ఉంది, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున జిగట మట్టి దొరుకుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రానికి దగ్గరి మట్టి మాత్రం వద్దు, అందులో ఉప్పు ఉంటుంది, కాల్చాక బొమ్మ మీద తెల్లగా పూస్తుంది. తెచ్చిన మట్టిని నానబెట్టి, వడగట్టి, సన్న ఇసుకో పాత పెంకుల పొడో కలిపి బాగా పిసికితే పగుళ్లు తగ్గుతాయి. ఇంతవరకూ సరదాగానే ఉంటుంది. ఆ తర్వాతిదే ఓపిక పని. బొమ్మ లోపల డొల్లగా ఉండాలి, గోడ చిటికెనవేలి మందం మించకూడదు, అన్నివైపులా ఒకే మందం రావాలి. లోపల ఇనప ఊచ పెట్టి నిలబెట్టడం కుదరదు, ఎందుకంటే మట్టి ఆరుతూ కుంచించుకుపోతుంది, ఊచ కుంచించుకోదు, బొమ్మ పగిలి ఊరుకుంటుంది.

ఆరిందో లేదో చూడటానికి మా ఊళ్లో కుండలు చేసే బాబాయి పద్ధతి ఒకటుంది. బొమ్మని చెంపకు ఆనించుకుంటారు. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. చూడ్డానికి తెల్లగా ఆరిపోయిన నా బొమ్మనొకదాన్ని అలాగే ఆనించి చూసి, “ఇప్పుడు పెడితే పేలిపోద్దమ్మా, పక్కన నా కుండలు కూడా పోతాయ్, ఇంకో పది రోజులాగు” అన్నారు. అది చాదస్తం కాదండోయ్. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు పెరుగుతుంది, గోడ మధ్యలో చిక్కుకున్న చెమ్మ బయటికి పోయే దారి లేక బొమ్మనే బద్దలు చేస్తుంది. అందుకే ఆవంలో మొదట సన్నటి సెగ, తర్వాతే కొబ్బరి మట్టలూ ఊకా వేసి పెద్ద మంట. 600 డిగ్రీలు దాటాకే మట్టి మళ్లీ నీళ్లలో కరగని స్థితికి వస్తుంది. కాలడం ఒక ఎత్తు, అది చల్లారేదాకా ఆగడం ఒక ఎత్తు, తొందరపడి తీస్తే చల్లగాలికే బీట వేస్తుంది.

ఇదంతా సెమిస్టర్ మధ్యలో అయ్యే పనేనా? వానాకాలంలో ఆరదు, ఆవమూ పెట్టరు. ఎండాకాలంలో పైపైన గబగబా ఆరి ముక్కు దగ్గర, మెడ దగ్గర చీలుతుంది. కుమ్మరికి ఒక ఏడాది, గుదియకు (దుడ్డుకర్రకు) ఒక పెట్టు అని ఊరికే అన్లేదు. మనకి ఆ గుదియ సెషనల్ పరీక్షలు.

మూడోది ప్లాస్టర్ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) అచ్చు. దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు, అచ్చులో తీస్తే అది శిల్పమేంటి అంటారు. కోనసీమ కొత్తపేటలో శిల్పులైన వుడయార్ల చేతుల్లో తయారయ్యే విగ్రహాలు మనవైపు అందరికీ తెలిసినవే. అలాంటి విగ్రహాలకు ముందు మట్టితో రూపం, దాన్నుంచి అచ్చు, అచ్చులోంచి ఫైబరో కంచో. సంక్రాంతి కొలువులో పెట్టే మట్టిబొమ్మలు కూడా చాలావరకు అచ్చులోంచి వచ్చినవే. చేతిపనంతా మొదటి మట్టి రూపంలోనే ఉంటుంది, అచ్చు దాన్ని పట్టి ఉంచుతుందంతే.

నర్సింగ్ వాళ్లకి ఇందులో ఇంకో లాభం. ఆర్థో (ఎముకల) వార్డులో ప్లాస్టర్ కట్టు వేయించుకున్న పేషెంటు “అమ్మా, వేడెక్కుతోంది” అంటారు చూడండి, అదే పదార్థం, అదే వేడి. గట్టిపడేటప్పుడు ఎందుకు వేడెక్కుతుందో మనకు ఒకళ్లు చెప్పక్కర్లేదు. అందుకే చెబుతున్నా, చేతి అచ్చు తీద్దామని ప్లాస్టర్ ముద్దలో చెయ్యి ముంచి ఉంచకండి, మందం ఎక్కువైతే కాలిన గాయాలే అవుతాయి. (వార్డు స్టాకులో ఉన్న కట్టు చుట్టల జోలికి వెళ్లొద్దు, హార్డ్‌వేర్ షాపులో బస్తా లెక్కన దొరుకుతుంది, విడిగానూ ఇస్తారు.)

పని ఇలా సాగుతుంది. ఒక చిన్న పలక మీద, అరచెయ్యంత ఉబ్బు బొమ్మ మట్టితో చేసుకోండి. మానేసి వెళ్లాల్సి వస్తే తడిగుడ్డ కప్పి పాలిథిన్ కవరు చుట్టండి, తేమ ఉన్న రోజుల్లో వారం పైనే ఆగుతుంది. బొమ్మ కుదిరాక చుట్టూ అట్టతో గోడ కట్టి ప్లాస్టర్ పోయాలి. నీళ్లలోకి పొడి చల్లాలి, పొడిలోకి నీళ్లు కాదు. అరగంటలో అచ్చు గట్టిపడుతుంది. ఇక అక్కడితో మీకు తొందర లేదు. పోస్టింగులు మారనివ్వండి, పరీక్షలు రానివ్వండి, పొడిగా ఉంచితే ఆ అచ్చు నెలల తరబడి అలాగే ఉంటుంది. సంక్రాంతికి ఇంటికెళ్లి అందులో మట్టి ఒత్తితే ప్లాస్టర్ తడిని పీల్చుకుని బొమ్మని దానంతటదే వదిలేస్తుంది. గోడ పల్చగా, సమంగా వస్తుంది కనక త్వరగా ఆరుతుంది, ఆవంలో పేలే భయమూ తక్కువ. ప్లాస్టర్ తునకలు మాత్రం మట్టిలో కలవనివ్వకండి, కాల్చాక ఆ చోట పెచ్చులూడతాయి.

ఏ పద్ధతైనా చేతుల సంగతి మర్చిపోవద్దు. మట్టి చర్మంలోని నూనె లాగేస్తుంది, మర్నాడు వార్డులో పేషెంటు పేషెంటుకీ హ్యాండ్ రబ్ రాస్తుంటే పగిలిన వేళ్లు భగ్గుమంటాయి. రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకోండి. చేతికి కోత ఉంటే కాలువ మట్టి అసలు ముట్టుకోవద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లూ బురదా వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుందని చదువుకున్నదే కదా. ఎండిన మట్టిని గదిలో గరుకు కాగితంతో రుద్దడం, చీపురుతో ఊడవడం కూడా వద్దు. ఆ దుమ్ములో ఊపిరితిత్తుల్ని పాడుచేసే సిలికా ఉంటుంది, పీల్చేది మీరొక్కరే కాదు, రూమ్మేట్లు కూడా. తడిగుడ్డతో తుడవండి.

మొత్తానికి నా ఓటు అచ్చుకే, సెమిస్టర్‌లో రూపం, అచ్చు. సెలవుల్లో మట్టి, ఆవం. నిలువెత్తు బొమ్మ చేయాలని కోరిక ఉన్నవాళ్లు మాత్రం చదువయ్యేదాకా ఆగడం మంచిది, దానికి అచ్చు కట్టడమే ఇద్దరు ముగ్గురి పని. చివరి సెమిస్టర్ ఎలాగూ ఇంటర్న్‌షిప్ డ్యూటీలతోనే సరి. అప్పుడు మిగిలిన మట్టిని బకెట్లో వేసి, మునిగేలా నీళ్లు పోసి, మూతపెట్టి ఇంట్లో వదిలేయండి, పులిసేకొద్దీ జిగురు పెరుగుతుందే గానీ చెడదు. కాకపోతే కంపు కొడుతుంది, అమ్మ పారబోయకుండా ముందే చెప్పి వెళ్లండి.