ఓవర్‌రైడింగ్: జావాలో ఒకలా, సీ ప్లస్ ప్లస్‌లో ఇంకోలా

ఓవర్‌రైడింగ్ అంటే పేరెంట్ క్లాస్‌లోని మెథడ్‌ని, దాని నుంచి పుట్టిన చైల్డ్ క్లాస్ తన పద్ధతిలో మళ్లీ రాసుకోవడం. ఈ రెండు ప్రోగ్రామింగ్ భాషల్లోనూ చైల్డ్ క్లాస్‌కి పేరెంట్ మెథడ్స్ వస్తాయి, అక్కడిదాకా గొడవ లేదు. అసలు తేడా, పేరెంట్ టైప్ రిఫరెన్స్‌తో చైల్డ్ ఆబ్జెక్ట్‌ని పట్టుకుని మెథడ్ పిలిచినప్పుడు తెలుస్తుంది.

షేప్ అనే క్లాస్‌లో ఏరియా మెథడ్ సున్నా ఇస్తుంది, సర్కిల్ దాన్ని మళ్లీ రాసుకుంది అనుకోండి. జావాలో షేప్ వేరియబుల్‌లో సర్కిల్ పెట్టి పిలిస్తే సర్కిల్ ఏరియానే వస్తుంది, ఎందుకంటే స్టాటిక్, ప్రైవేట్, ఫైనల్ కాని మెథడ్ ఏదైనా రన్‌టైమ్‌లో అసలు ఆబ్జెక్ట్‌ని చూసే ఎంపికవుతుంది. సీ ప్లస్ ప్లస్‌లో షేప్ పాయింటర్‌తో అదే పని చేస్తే, షేప్‌లో వర్చువల్ అని రాయకపోతే, సున్నా వస్తుంది! ఎర్రర్ ఏమీ రాదు, నేనైతే దీని మీద ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

సీ ప్లస్ ప్లస్‌లో డిస్ట్రక్టర్‌కీ (ఆబ్జెక్ట్‌ని తీసేసేటప్పుడు నడిచే మెథడ్) ఇదే జాగ్రత్త కావాలి: అది వర్చువల్ కాకుండా షేప్ పాయింటర్‌తో సర్కిల్‌ని డిలీట్ చేస్తే ఏం జరుగుతుందో భాష హామీ ఇవ్వదు.

జావాలోనూ ఒక ఉచ్చు ఉంది. స్టూడెంట్ అనే క్లాస్‌లో, రెండు ఆబ్జెక్టులు సమానమా అని చూసే ఈక్వల్స్ మెథడ్‌ని మళ్లీ రాస్తూ పారామీటర్‌కి ఆబ్జెక్ట్ బదులు స్టూడెంట్ టైప్ ఇస్తే అది ఓవర్‌లోడింగ్ (అదే పేరుతో ఇంకో మెథడ్) అయిపోతుంది, డూప్లికేట్లు లేకుండా దాచే హ్యాష్‌సెట్ దాన్ని పట్టించుకోదు. అందుకే జావాలో ఓవర్‌రైడ్ యానొటేషన్, సీ ప్లస్ ప్లస్‌లో 2011 ప్రమాణంతో వచ్చిన ఓవర్‌రైడ్ పదం తప్పకుండా రాయండి, పొరపాటు కంపైల్ దశలోనే దొరుకుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను జావానే చెప్తాను.