గేర్‌బాక్స్ పోలేదు, పోయింది బేరింగు

నాది 1987 పోర్షా 944. టెక్సస్‌లోని ప్లేనోలో ఉంటాం. ఈ వేసవిలో కారులో రెండు శబ్దాలు మొదలయ్యాయి. న్యూట్రల్లో నిలబెట్టినప్పుడు రేకు డబ్బాలో గోలీలు వేసి ఊపినట్టు ఒకటి. నడుపుతూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే వెనక నుంచి ‘టక్’మని ఇంకొకటి.

మొదట వెళ్లిన గ్యారేజీలో బండిని ఒక రౌండు తిప్పి, గేర్‌బాక్స్ మార్చాలి, నాలుగు వేల డాలర్లు దాటుతుంది అన్నారు. ఏ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందని అడిగితే జవాబు లేదు. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పుడు ఒక స్నేహితుడు ఇంకో రిపేరు షెడ్డు సంగతి చెప్పాడు. రెండే లిఫ్టులు, ఒక పెద్దాయన, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు. చూసేది పాత జర్మన్ కార్లే.

పెద్దాయన బానెట్ కూడా ఎత్తలేదు. ముందు నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? క్లచ్ తొక్కితే ఏమవుతుంది? ఆ రెండో ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఈ కారులో ఇంజిన్, క్లచ్ ముందుంటాయి. గేర్‌బాక్స్ మాత్రం వెనక చక్రాల దగ్గర, రెండు చక్రాలకీ శక్తిని పంచే డిఫరెన్షియల్‌తో కలిసి ఉంటుంది. రెండింటినీ కలిపే పొడవాటి గొట్టమే టార్క్ ట్యూబ్. దాని లోపల బేరింగుల మీద ఒక షాఫ్ట్ తిరుగుతుంది. మామూలు రియర్ వీల్ డ్రైవ్ కార్లలో పొడుగు షాఫ్ట్ గేర్‌బాక్స్ తర్వాత ఉంటుంది, బండి కదిలితేనే తిరుగుతుంది. ఇందులో షాఫ్ట్ గేర్‌బాక్స్‌కి ముందే ఉంది. అందుకే బండి ఆగి ఉన్నా, క్లచ్ మీద కాలు లేకపోతే ఇంజిన్ వేగంతోనే తిరుగుతూ ఉంటుంది.

న్యూట్రల్లో నన్ను క్లచ్ తొక్కమన్నారు. రెండు క్షణాల్లో గోలీల చప్పుడు ఆగిపోయింది. వదిలితే మళ్లీ మొదలు. తర్వాత ఆయన పక్క సీట్లో కూర్చుంటే నేను నడిపాను. నలభై మైళ్ల వేగంలో మూడో గేరు, అదే వేగంలో నాలుగో గేరు. బండి వేగం మారలేదు, శబ్దం మాత్రం ఇంజిన్ వేగంతో పాటే తగ్గింది. చివరికి న్యూట్రల్ చేసి, క్లచ్ తొక్కి పట్టి బండిని దొర్లనిచ్చాం. చక్రాలు తిరుగుతున్నాయి, చప్పుడు లేదు. వీల్ బేరింగులు, డిఫరెన్షియల్ మీద అనుమానం అక్కడితో పోయింది. మిగిలినవి రెండే: ట్యూబ్ బేరింగులు, లేదా గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్ లోపలికి తీసుకెళ్లే కడ్డీ) బేరింగు.

లిఫ్ట్ ఎక్కించి, ఇంజిన్ నడుస్తుండగా పెద్దాయన మెకానిక్‌లు వాడే స్టెతస్కోప్‌ని పొగగొట్టం పక్క నుంచి ట్యూబ్ పొడవునా ఆనిస్తూ వెళ్లారు. తర్వాత నా చెవికి ఇచ్చారు. ట్యూబ్ మధ్యలో తిరగలి తిప్పుతున్నంత గరగర. గేర్‌బాక్స్ దగ్గర ఉన్నది మామూలు ఝుమ్మనే శబ్దం. మా నాన్న తెనాలి ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేశారు. పొడవాటి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి ఇలాగే వినేవారు. చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

‘టక్’ సంగతి తేలిగ్గా తేలింది. ఎడమ యాక్సిల్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) లోపలి చివరన, వంగుతూనే తిరిగే సీవీ జాయింట్‌కున్న ఆరు బోల్టుల్లో రెండు వదులయ్యాయి. బోల్టు తలల్లో పేరుకున్న గ్రీజు తీసి, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించి, మళ్లీ కదిలితే తెలిసేలా ఒక్కోదాని మీద పెయింట్ గీత పెట్టారు.

ఈ పరీక్ష మొత్తానికి గంటన్నర పట్టింది, బిల్లు 240 డాలర్లు. ట్యూబ్ పని వేరే. దాన్ని తియ్యాలంటే ముందు గేర్‌బాక్స్ దించాలి కాబట్టి కూలీ ఎక్కువే అయింది, అయినా మొదటి చోట చెప్పినదానిలో సగం. తీసిన పాత బేరింగులు నా చేతికిచ్చి తిప్పి చూడమన్నారు. ఒకటి గరగరమంటూ మధ్యలో పట్టేసింది.

లోపాలు లేకపోలేదు. ఫోన్ దాదాపు ఎత్తరు. వారం అన్న పని మూడు వారాలు పట్టింది, ఆలస్యమవుతోందని ఒక్క మెసేజ్ కూడా లేదు. బండి ఇంటికి తెచ్చాక రెండో గేరు సరిగా పడలేదు. వెనక్కి తీసుకెళ్తే గేర్ లివర్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే లింకేజీ సరిచేసి డబ్బులు తీసుకోలేదు. కానీ అది ఇచ్చేముందే చూసుకోవాల్సింది.

వెళ్లేవాళ్లు బండిని ముందురోజు సాయంత్రమే అక్కడ వదిలి రండి. రాత్రంతా చల్లబడ్డ ఇంజిన్ పొద్దున మొదటిసారి స్టార్ట్ అయ్యే చప్పుడు ఆయన స్వయంగా వినాలంటారు.