వాష్ ఏరియాకు యాంటీ స్కిడ్ టైల్: రెండేళ్ల వాడకం తర్వాత

వంటగదికి ఆనుకొని ఉన్న మా వాష్ ఏరియా పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగడుగులు. వాషింగ్ మెషీన్, అంట్లు తోమే సింకు, బకెట్లు అన్నీ ఆ కాస్త చోటులోనే ఉంటాయి. ఫ్లాటు కట్టి ఇచ్చినవారు హాల్లో పరిచిన రెండడుగుల నునుపు విట్రిఫైడ్ టైల్స్‌నే అక్కడా పరిచారు. సబ్బునీళ్లు పడితే చాలు, ఆ నేల మీద అడుగు నిలిచేది కాదు. ఒకనాడు అమ్మ అక్కడే జారిపడి మణికట్టు విరగడంతో, ఆ నేలంతా తవ్వించి 300 మి.మీ. చదరపు మ్యాట్ యాంటీ స్కిడ్ టైల్స్ వేయించాము.

నిజానికి నా మనసు మొదట నాపరాయి మీదికే పోయింది. పాలిష్ పట్టని తాండూరు బండ మీద తడి కాలు కూడా బాగా నిలుస్తుంది. అయితే అది సున్నపురాయి. బాత్‌రూముల్లో వాడే యాసిడ్ ఒలికితే పైపొర తినేసి తెల్లని మచ్చ మిగులుతుంది. పైగా బండ మందం వల్ల నేల ఎత్తు పెరిగితే నీళ్లు గడప దాటి వంటగదిలోకి వస్తాయి. సొంత ఇంటి పెరట్లో అయితే ఇప్పటికీ నాపరాయినే ఎంచుకుంటాను. చెక్కలా కనిపించే లామినేట్‌ను కొందరు సూచించారు గానీ, దాని లోపలిది చెక్కపొడితో చేసిన పలక కాబట్టి నీరు దిగితే ఉబ్బిపోతుంది.

పెట్టె మీద యాంటీ స్కిడ్ అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆర్ సంఖ్య అడగాలి. నూనె పూసిన వాలు పలక మీద మనిషిని నడిపిస్తూ, వాలు పెంచుకుంటూ పోయి, ఎన్ని డిగ్రీల దగ్గర కాలు జారుతుందో కొలిచే జర్మన్ పరీక్ష నుంచి వచ్చిన సంఖ్య అది. ఆర్ 9 అంటే 6 నుంచి 10 డిగ్రీలు, మేము తీసుకున్న ఆర్ 11 అంటే 19 నుంచి 27 డిగ్రీలు. ఆ పరీక్షను బూట్లతో చేస్తారు, మనం నడిచేది వట్టి కాళ్లతో. అందుకే దుకాణంలోనే నమూనా టైల్ మీద సబ్బునీళ్లు పోయించి, చెప్పులు విడిచి నిలబడి చూశాను. ఆర్ 12, 13 మరింత గరుకుగా ఉంటాయి, ఇంట్లో వాటిని తోమి శుభ్రం చేయడం కష్టం.

చిన్న టైల్ ఎంచుకోవడానికి అసలు కారణం వాటం. నేల నాలుగు వైపుల నుంచీ నహనీ ట్రాప్ (నేలలో నీళ్లు బయటికి పోయే జాలీ తూము) వైపు వాలాలంటే రెండడుగుల టైల్‌ను ఐమూలగా కోయక తప్పదు. అడుగు టైల్ అయితే ఆ వాలుకు సులువుగా ఒదుగుతుంది. 80కి 1 చొప్పున, ఆరడుగుల మీద దాదాపు 23 మి.మీ. వాటం పెట్టించాము. టైల్స్ పరచకముందే వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ట్రాప్ మూసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టాము. కింది ఇంటివారి పైకప్పులో చెమ్మ కనబడలేదని నిర్ధారించుకున్నాకే పని సాగింది. మేస్త్రీ మొదట టైల్ నాలుగు మూలలకు మాత్రమే జిగురు ముద్దలు పెట్టబోతే ఆపి, టైల్ అడుగుభాగమంతా జిగురు నింపించాము. బోలు ఉన్న చోట మెషీన్ అదురుకు టైల్ చిట్లుతుంది. టైల్స్ మధ్య సందులు పూడ్చడానికి మాత్రం ఖర్చు ఎక్కువైనా నీరు పీల్చని రెజిన్ పూత అయిన ఎపాక్సీ గ్రౌటే వాడాము, సిమెంటు గ్రౌట్ సబ్బునీళ్లను పీల్చుకొని నల్లబడుతుంది.

ఈ రెండేళ్లలో అక్కడ ఎవరూ జారలేదు, ఒక్క టైల్ కూడా కదలలేదు, నీరు ఎక్కడా నిలవడం లేదు. లోపమల్లా మురికితోనే. గరుకు గుంతల్లో డిటర్జెంటు జిడ్డు పేరుకుంటుంది, మాప్‌తో పోదు, వారానికోసారి గట్టి బ్రష్షుతో రుద్దాల్సిందే. మా బోరు నీళ్ల ఉప్పు కూడా ముదురు బూడిద రంగు మీద తెల్లగా తేలి కనబడుతోంది. లేత రంగు తీసుకొని ఉంటే బాగుండేది. ఒకే బ్యాచ్ నంబరు చూసి, కోతలూ విరుగుళ్లూ కలుపుకొని 28 టైల్స్ కొన్నాము; మిగిలిన రెండింటినీ అటక మీద దాచాము, ఎందుకంటే తర్వాతి బ్యాచ్‌లో అదే రంగు దొరుకుతుందన్న నమ్మకం లేదు.