పాత మిలిటరీ రైఫిల్ కొంటున్నారా? కర్ర మెరుపు చూసి మోసపోకండి

సర్‌ప్లస్ రైఫిల్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు ముందు ఇది చదవండి. నాకు తగిలిన దెబ్బ మీకు తగలకూడదని రాస్తున్నాను.

నేను కొన్నది లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4, .303. రెండో ప్రపంచ యుద్ధం నాటిది. కర్రకి నూనె పట్టించి, ఇనుముకి నల్లరంగు వేసి నిగనిగలాడేలా చేశారు. "భాగాల మీది సీరియల్ నంబర్లన్నీ కలుస్తాయి, నేరుగా రేంజ్‌కి పట్టుకెళ్లి కాల్చుకోండి" అన్నాడు అమ్మినాయన. నమ్మేశాను. పైన పటారం, లోన లొటారం.

మొదటిసారి కొత్త తూటాలు కాల్చినప్పుడు ఏమీ అనిపించలేదు. ఆ ఇత్తడి కేసుల్నే, అంటే ఖాళీ తూటా గొట్టాల్నే, మళ్లీ మందు నింపి రెండోసారి వెళ్లాను. ఏడో తూటాకి చప్పుడు మామూలుగానే వచ్చింది కానీ చెంప మీద సర్రున వేడిగాలి కొట్టింది. కళ్లద్దాల మీద మసి చుక్కలు. అవి పెట్టుకోకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే. తూటాని వెనక నుంచి మూసి ఉంచే బోల్ట్‌ని వెనక్కి లాగితే కేస్ అడుగుముక్క ఒక్కటే ఊడి వచ్చింది. మిగతా గొట్టం ఛాంబర్‌లోనే, అంటే బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటే, ఇరుక్కుపోయింది.

అంతకుముందు కాల్చిన ఆరు కేసులూ ఏరుకుని చూశాను. అన్నిటికీ అడుగుకి కాస్త పైన, చుట్టూ మెరుస్తూ ఒక గీత. సన్నటి తీగ కొన వంచి, లోపలికి దించి గోడ వెంబడి పైకి లాగితే సరిగ్గా ఆ గీత దగ్గరే గాడిలో తట్టుకుంది. ఇత్తడి అక్కడ సాగి పలచబడిపోయింది. మొదటిసారి కాల్చిన కేసుల్నే ఇలా తడిమి చూసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు.

తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన ముందు భూతద్దం అందుకున్నాడు. బోల్ట్ మీది నంబర్ బాడీ నంబర్‌తో కలుస్తోంది, నిజమే. కానీ ఆ అంకెల కింద ఆకురాయి గీతలు, వాటి మధ్య సగం చెరిగిన పాత 7 కనిపించాయి. వేరే రైఫిల్ బోల్ట్ తెచ్చి, పాత నంబర్ అరగదీసి కొత్తది కొట్టారన్నమాట!

నంబర్ గొడవ ఎందుకంటే హెడ్‌స్పేస్ కోసం. ఏ రైఫిల్ బోల్ట్ ఆ రైఫిల్‌కే సరిపెట్టి ఉంటుంది, వేరేది పెడితే ఈ కొలత మారిపోవచ్చు. .303 తూటాకి అడుగున అంచు ఉంటుంది. బోల్ట్ ముఖానికీ, బ్యారెల్ వెనక కొసకీ మధ్య తూటా అంచు కూర్చునే సందే హెడ్‌స్పేస్. మిలిటరీ లెక్కలో అది 0.064 అంగుళాల నుంచి 0.074 లోపు ఉండాలి. సందు ఎక్కువైతే కాల్చిన ప్రతిసారీ కేస్ వెనక్కి సాగుతుంది. గన్‌స్మిత్ బోల్ట్‌లోంచి ఎక్స్‌ట్రాక్టర్ (కేస్‌ని బయటికి లాగే కొక్కెం), ఫైరింగ్ పిన్ (తూటాని పేల్చే సూది) తీసేసి, 0.074 గేజ్ అనే కొలత ముక్క లోపల పెట్టి వేలికొనతో బోల్ట్ నొక్కాడు. మూసుకోకూడదు. నాది హాయిగా మూసుకుంది. ఇంట్లో చేసినా అంతే, బలం పెట్టి తోయకండి, గేజూ పాడవుతుంది, కొలతా తప్పుతుంది. కాల్చకముందే చేయించాల్సిన పని ఇది. నేను కాల్చాక చేయించాను.

ఇంకొన్ని త్వరగా చెప్తాను. రైఫిల్ చేతికి రాగానే ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితో తడమండి. బ్యారెల్‌లోంచి వెలుతురుకి చూస్తే ఒకచోట నల్లటి వలయంలా నీడ కనబడిందా, అక్కడ బ్యారెల్ ఉబ్బిందని అనుమానించండి. నిల్వ గ్రీజు మొత్తం తుడిచాకే లోపలి గుంటలు బయటపడతాయి. పాత తూటాల ప్రైమర్‌లోని (తూటా అడుగున నిప్పు రాజేసే మందులోని) ఉప్పు తినేసిన గుర్తులవి. డీపీ అని ముద్ర ఉంటే కవాతు కోసం కేటాయించిన రైఫిల్, కాల్చడానికి కాదు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాల 1903 మోడల్ అయితే సీరియల్ 8,00,000 లోపు ఉన్నవాటి జోలికి పోకండి, వాటి ఉక్కు పెళుసు.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే "రసీదు మీద ఉన్నది ఉన్నట్టుగా అని రాశాను కదండీ" అన్నాడు. పోనీ బోల్ట్ హెడ్, అంటే బోల్ట్ ముందు ముక్క, మారిస్తే సరిపోతుందేమో అనుకున్నా. నంబర్ 4 రైఫిళ్లకి బోల్ట్ హెడ్‌లు 0 నుంచి 3 దాకా సైజుల్లో ఉంటాయి, అంకె పెరిగేకొద్దీ సందు తగ్గుతుంది. గన్‌స్మిత్ నా బోల్ట్ హెడ్ తుడిచి చూపించాడు. దాని మీద ఉన్నది 3.