జూమ్ హెచ్1 ఎసెన్షియల్: నాటక బృందాలకు ఎంతవరకు పనికొస్తుంది?

పద్య నాటకం ఆడే బృందం పాడ్‌కాస్టు కోసం రికార్డింగుకు కూర్చుంటే ముందుగా ఇబ్బంది పెట్టేది గొంతుల హెచ్చుతగ్గులు. రాయబారం సీనులో కృష్ణుడు మాటలు మామూలుగానే నడుపుతాడు, పద్యం చివర రాగం అందుకోగానే గది దద్దరిల్లుతుంది. మాటలకు సరిపడా లెవెల్ పెడితే రాగం దగ్గర శబ్దం పగులుతుంది. రాగానికి సరిపడా తగ్గిస్తే మాటల అడుగున సుయ్‌మనే రొద తేలుతుంది. 2024 జనవరిలో జూమ్ అనే ఆడియో పరికరాల కంపెనీ తెచ్చిన చిన్న రికార్డరు హెచ్1 ఎసెన్షియల్ సరిగ్గా ఈ చిక్కునే తీరుస్తుంది. అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు సొంతంగా ఆడియో నాటకాలు, ఏకపాత్రలు చేద్దామనుకునే బృందాలు మొదటి పరికరంగా దీన్నే కొనుక్కోవచ్చు. గదినీ గాలినీ మాత్రం ఇది బాగుచేయదు. ఆ రెండూ మన చేతిలో పని.

అరచేతిలో పట్టే ఈ రికార్డరుకు పైన రెండు చిన్న మైకులు ఒకదానికొకటి అడ్డంగా, 90 డిగ్రీల కోణంలో ఉంటాయి. లెవెల్ తిప్పే చక్రం లేదు, దాని అవసరమూ లేదు. ఇది 32 బిట్ ఫ్లోట్ పద్ధతిలోనే రికార్డు చేస్తుంది కాబట్టి గుసగుస, కేక రెండూ ఒకే ఫైలులో చెడకుండా నిలుస్తాయి. తెరమీద తరంగం సన్నని గీతలా కనిపించినా, పైఅంచు దాటినట్టు కనిపించినా కంగారు పడక్కర్లేదు, ఎడిటింగులో పెంచుకోవచ్చు, దించుకోవచ్చు. పరిషత్తు నాటకాలకు అలవాటుపడిన నటులకు ఇది పెద్ద ఊరట. లెవెల్ చూసుకోవడానికి ఎవరూ సీను మధ్యలో ఆపరు.

అయితే ఫ్లోట్ ఉందికదా అని నోటి ముందు పెట్టుకుని అరిస్తే అదీ కాపాడలేదు. ఈ మైకులు తట్టుకునేది 120 డెసిబెల్స్ వరకే. అది దాటితే మైకు దగ్గరే శబ్దం చెడిపోతుంది, చెడిన తర్వాత ఫైలులో ఎంత తగ్గించినా తిరిగి రాదు. ప, ఫ, భ పలికేటప్పుడు వచ్చే ఊపిరి దెబ్బ కూడా అలాంటిదే. అందుకని మాటలకు జానెడు దూరం, పద్యానికి మూరెడు దూరం పాటించాలి. రికార్డరు నోటికి ఎదురుగా కాకుండా బుగ్గ పక్కగా, కాస్త ఏటవాలుగా ఉండాలి. చేత్తో పట్టుకోకూడదు. ప్లాస్టిక్ ఒళ్లు కాబట్టి వేలు కదిలినా గరగర వినిపిస్తుంది. వెనక ఉన్న మరకు మామూలు ఫోను ట్రైపాడ్ సరిపోతుంది. దాన్ని టేబుల్ మీద పెట్టేటప్పుడు కింద దళసరి తువ్వాలు మడతపెట్టి వేయండి. లేకపోతే టేబుల్‌కు మోచెయ్యి తగిలిన ప్రతిసారీ ధబ్‌మంటుంది.

ఇక గది. కోనసీమలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి స్లాబు ఇళ్లు, టైల్సు నేలలు. ఆ హాలులో మధ్యన నిలబడి మాట్లాడితే గొంతు కంటే గోడల ప్రతిధ్వనే ఎక్కువ వినిపిస్తుంది. దాన్ని తీసేస్తామని చెప్పే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాటితో గొంతులో నిండుదనం కూడా పోతుంది. రికార్డింగుకు ముందే జాగ్రత్తపడితే ఖర్చు లేకుండా పని జరుగుతుంది. బూరుగు దూది పరుపులు మూడు ఉంటే చాలు. రెండింటిని నటుడి వెనక మూలలో ఇంగ్లీషు వి అక్షరంలా నిలబెట్టి, మూడోదాన్ని రికార్డరు వెనక నిలబెట్టాలి. నేలమీద జంపఖానా పరవాలి. నటుడి వెనక పరుపు ఎందుకంటే మైకు చూసేది ఆ వైపే, అక్కడి గోడనుంచి తిరిగొచ్చే శబ్దమే మైకులో నేరుగా పడుతుంది. చాలామంది మైకు వెనక మాత్రమే దుప్పటి కట్టి ఊరుకుంటారు. పల్చటి దుప్పటి సకారాల పదును తగ్గిస్తుందేగానీ మగగొంతులోని గుమ్మనే మోతను ఆపలేదు. ధాన్యం బస్తాలు పేర్చిన గది ఖాళీగా దొరికితే హాలు వదిలేసి అక్కడికే వెళ్లండి.

మాట్లాడటం ఆపి ఒక నిమిషం గదిని ఊరికే రికార్డు చేసి హెడ్‌ఫోనులో వినాలి. ఫ్యాను, ఫ్రిజ్, ఇన్వర్టరు మోతలు అప్పుడే బయటపడతాయి. ఈ నిమిషం ఫైలును దాచుకోవాలి. తర్వాత సంభాషణల మధ్య ఖాళీలు పూడ్చడానికి అదే కావాలి, పూర్తి నిశ్శబ్దం పెడితే శబ్దం తెగినట్టు వినిపిస్తుంది. భీమవరం చుట్టుపక్కల రాత్రిపూట చెరువుల్లో ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిరుగుతూనే ఉంటాయి. వానాకాలం చీకటి పడితే కప్పలు, కీచురాళ్లు. కార్తీకం, ధనుర్మాసం తెల్లవారుజామున గుడి మైకులు. వరికోత యంత్రాలు తిరిగే రోజుల్లో పొలం పక్క ఇంట్లో పగలు సాగదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఊరు సద్దుమణుగుతుంది, ఆ సమయం మంచిది. వేసవిలో ఫ్యాను ఆపితే ఉక్క భరించలేరు కాబట్టి పది నిమిషాలు రికార్డింగు, ఐదు నిమిషాలు ఫ్యాను అని వంతు పెట్టుకోవాలి. నటులు చెమటతో నీరసపడితే గొంతులోనే తెలిసిపోతుంది.

రెండు పాత్రల సీనుకు స్టీరియో మైకు బాగా కలిసొస్తుంది. రికార్డరు ముందు నేలమీద సుద్దతో అర్ధచంద్రం గీసి, ఒకరిని ఎడమ చివర, ఒకరిని కుడి చివర నిలబెడితే హెడ్‌ఫోనులో ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నట్టే వినిపిస్తుంది. గుమ్మంలోంచి పిలిచే మాటకు నిజంగా రెండడుగులు వెనక్కి వెళ్లి పిలవాలి. మరీ దూరం పోతే గది మోగుతుంది. హార్మోనియం విషయంలోనే పొరపాటు ఎక్కువ జరుగుతుంది. వేదికమీద అలవాటు కొద్దీ గాయకుడి పక్కనే పెడితే పద్యం మునిగిపోతుంది, తిత్తుల శబ్దం కూడా పడుతుంది. దాన్ని రికార్డరుకు వెనకవైపు ఆరడుగుల దూరంలో పెట్టి, శ్రుతి అందేంత మాత్రమే వాయించమనాలి. ఏకపాత్రాభినయానికైతే స్టీరియో అక్కర్లేదు, ఎడిటింగులో మోనో (రెండు చెవులకూ ఒకే శబ్దం) చేసేయాలి. లేకపోతే నటుడు తల తిప్పినప్పుడల్లా గొంతు చెవుల మధ్య ఊగుతుంది.

ఈ పరికరం అన్నిటికన్నా అందంగా పనిచేసేది బయట వాతావరణ శబ్దాలకు. నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు బయల్దేరే చప్పుడు, పెంకుల మీద వాన, కొబ్బరాకుల రాపిడి, ఇవి స్టీరియోలో వింటే వినేవాడు ఊళ్లో ఉన్నట్టే ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే విదేశీ పడవ శబ్దం కన్నా మన రేవు శబ్దం వెయ్యి రెట్లు నయం. కానీ గాలి తగిలితే ఈ మైకులు తట్టుకోలేవు. స్పాంజి తొడుగు ఇంట్లో ఊపిరికి సరిపోతుంది, గోదావరి గట్టుమీద సరిపోదు, బొచ్చు తొడుగు విడిగా కొనాలి. అంతర్వేది వైపు పొద్దెక్కాక సముద్రపు గాలి అందుకుంటుంది కాబట్టి తెల్లవారగానే పని ముగించుకోవాలి.

ఎడిటింగుకు ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ చాలు, 32 బిట్ ఫ్లోట్ ఫైలును నేరుగా తెరుస్తుంది. కొన్ని ఫోను యాప్‌లు తెరవలేవు కాబట్టి కంప్యూటరు ఉండాల్సిందే. వరస ఇదీ: ముందు 80 హెర్ట్జ్ కంటే కిందుండే లోతు మోతలను కోసేయడం, తర్వాత రొద తగ్గించడం, తర్వాత కంప్రెసర్ (శబ్దం హెచ్చుతగ్గుల తేడాను తగ్గించేది), చివరగా లౌడ్‌నెస్, అంటే మొత్తంమీద వినిపించే బిగ్గరతనం, సరిచేయడం. రొదను 6 నుంచి 9 డెసిబెల్స్ మించి తగ్గిస్తే మాట నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది. లౌడ్‌నెస్‌ను దాని కొలమానమైన ఎల్‌యూఎఫ్‌ఎస్‌లో స్టీరియోకు మైనస్ 16, మోనోకు మైనస్ 19 పెట్టాలి, శబ్దం శిఖరం మైనస్ 1 డెసిబెల్ దాటకూడదు. పద్యాన్ని మాత్రం కంప్రెసర్‌తో మరీ అణచకండి. రాగం ఎదిగే తీరే పద్యానికి ప్రాణం, అది చదునైతే వినడానికి ఏమీ మిగలదు.

మెమరీ కార్డు పెట్టెలో రాదు. 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో గంటకు దాదాపు 1.4 జీబీ పడుతుంది, 32 జీబీ మైక్రో ఎస్డీ కార్డు ఒక నాటకానికి ధారాళంగా సరిపోతుంది. కార్డును ఈ రికార్డరులోనే ఫార్మాట్ చేయాలి. రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీలతో పది గంటల వరకు నడుస్తుందని కంపెనీ లెక్క. చార్జ్ చేసే బ్యాటరీలు వేస్తే మెనూలో ఆ రకం ఎంచుకోవాలి, లేకపోతే చూపించే చార్జి తప్పుతుంది. నాసిరకం చార్జరుకు తగిలించి రికార్డు చేస్తే సన్నని కూత పడే ప్రమాదం ఉంది, బ్యాటరీలే మేలు. ఫోన్లన్నీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టించండి.

బయటి మైకుకు 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటే ఉంది. బృందం దగ్గర ఇప్పటికే వేదిక మైకులు ఉంటే వాటిని అడాప్టర్‌తో దీనికి తగిలించొద్దు, శబ్దం బలహీనంగా, రొదగా వస్తుంది. అలాంటివారు వేదిక మైకుల వైర్లు నేరుగా పట్టే ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రాలు రెండున్న, ఇదే కంపెనీ రికార్డరు హెచ్4 ఎసెన్షియల్ తీసుకోవాలి. దాని సొంత మైకులు 130 డెసిబెల్స్ తట్టుకుంటాయి కాబట్టి పెద్ద గొంతు పద్య నటులు ఎక్కువమంది ఉన్న బృందాలకు కూడా అదే సరైనది.

మన తేమకు మైకులు చిటపటలాడతాయి. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే మైకుమీద నీరు పట్టే అవకాశం ఉంది, సంచిలోనే ఉంచి అరగంట ఆగి తీయాలి. పని లేని రోజుల్లో బ్యాటరీలు బయటికి తీసి, సిలికా జెల్ పొట్లాలతో గట్టి మూత డబ్బాలో పెట్టాలి. స్పాంజి తొడుగును తడిగా అందులో వేయకండి, బూజు పడుతుంది.