ప్లాస్టిక్ గోనియోమీటర్: ఏళ్ల తరబడి వాడాక ఒక ఫిజియోథెరపిస్టు అభిప్రాయం

విరిగిన ఎముక అతుక్కుని కట్టు విప్పించుకున్నవారు, మోకీలు మార్పిడి శస్త్రచికిత్స అయినవారు, భుజం బిగుసుకుపోయినవారు... నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది బాధ ఒకటే. కీలు మునుపటిలా వంగదు, లేదా పూర్తిగా చాపుకోదు. అది ఎంత తగ్గింది, చికిత్సతో ఎంత తిరిగి వస్తోంది అని తేల్చడానికి నేను వాడేది పారదర్శకమైన ప్లాస్టిక్ గోనియోమీటర్, అంటే కీలు ఎన్ని డిగ్రీలు వంగిందో కొలిచే పరికరం. కరెంటుతో నడిచే యంత్రాలు ఎన్ని ఉన్నా, నా వైద్య నిర్ణయాలను ఎక్కువసార్లు మార్చింది ఈ పరికరమే. అందుకే దీని గురించి వివరంగా రాస్తున్నాను.

చూడటానికి బడిపిల్లల కోణమానినికి రెండు బద్దలు తగిలించినట్టు ఉంటుంది. ఒక బద్ద కదలదు, రెండోది మధ్యలోని మేకు చుట్టూ తిరుగుతుంది. మోకాలి కొలతకు మేకు తొడ ఎముక కింది కొసన బయటివైపు తగిలే బుడిపె మీద ఉండాలి. కదలని బద్ద తుంటి పక్కన చేతికి తగిలే ఎముక వైపు, కదిలేది చీలమండ బయటి గుబక వైపు చూడాలి. ప్లాస్టిక్ పారదర్శకంగా ఉండటం వల్ల కలిగే లాభం ఇక్కడే తెలుస్తుంది. పెన్నుతో చర్మం మీద పెట్టుకున్న గుర్తులు పరికరం కిందనుంచి కనిపిస్తాయి. లోహంతో చేసినవి గట్టిగా ఉంటాయి, ఎక్కువకాలం మన్నుతాయి. కానీ వాటి కింద ఏముందో కనిపించదు. చల్లటి లోహం తగలగానే నొప్పితో ఉన్న మనిషి కండరాలు బిగించేస్తాడు. వేళ్ల కీళ్లకు మాత్రం వేలి వెనకవైపు ఆనించి చూసే చిన్న లోహపు పరికరమే నయం.

పరికరం నాణ్యత కంటే దాన్ని పట్టుకునే పద్ధతి ముఖ్యం. కీలు నిటారుగా ఉన్నప్పుడు సున్నా అని లెక్క మొదలుపెట్టే పద్ధతినే ఇప్పుడు చాలాచోట్ల పాటిస్తున్నారు. చీలమండకైతే పాదం కాలికి లంబంగా ఉన్నప్పుడు సున్నా. రోగి పడుకుని ఉన్నాడా, కూర్చుని ఉన్నాడా, కీలును తానే వంచాడా, మనం వంచామా అన్నవి అంకె పక్కనే రాయకపోతే మరుసటి కొలతకు దాన్ని పోల్చడం కుదరదు. ఒకే మనిషి కొలిస్తే కొలతలు దగ్గరదగ్గరగా వస్తాయి, ఇద్దరు కొలిస్తే తేడా పెరుగుతుంది. అందుకే 5 డిగ్రీల లోపు మార్పును నేను మెరుగుదలగానూ లెక్కించను, దిగజారినట్టుగానూ భావించను. "నిన్నటికంటే మూడు డిగ్రీలు పెరిగిందా?" అని ఆశగా అడిగేవారికి ఆ మాట నెమ్మదిగా వివరిస్తాను. రెండోవైపు కీలును కొలవకుండా మాత్రం ఎప్పుడూ వదలను. పుస్తకంలో మోకీలు సుమారు 135 డిగ్రీలు వంగుతుందని ఉన్నా, ఎదురుగా ఉన్న మనిషికి సరైన ప్రమాణం అతని బాగున్న మోకాలే.

మోకాలి దగ్గర ఈ అంకెలు నేరుగా జీవితంతో ముడిపడి ఉంటాయి. చదునైన నేల మీద నడిచేటప్పుడు పాదం గాల్లోంచి ముందుకు వచ్చే క్షణంలో మోకీలు సుమారు 60 డిగ్రీలు వంగాలి. మెట్లకు అంతకంటే ఎక్కువ కావాలి. కుర్చీలోంచి సులువుగా లేవాలంటే 90 దాటాలి, గొంతుక్కూర్చోవాలంటే ఇంకా చాలా ఎక్కువ కావాలి. రోగితో లక్ష్యం గురించి మాట్లాడేటప్పుడు "ఇంకా వంచాలి" అనడం కంటే "ఇప్పుడు 75 ఉంది, కుర్చీలోంచి హాయిగా లేవాలంటే ఇంకో ఇరవై కావాలి" అంటే వ్యాయామం మీద మనసు నిలుస్తుంది.

అందరూ వంగడం గురించే అడుగుతారు. చాపడం గురించి అడిగేవారు తక్కువ. నా దృష్టిలో చాపడమే ముందు చూడాలి. మోకాలు పది డిగ్రీలు వంగే ఉండిపోతే, నిలబడిన ప్రతి క్షణమూ తొడ ముందు కండరం పనిచేస్తూనే ఉండాలి. మనిషి త్వరగా అలసిపోతాడు, కుంటుతాడు. ఇక్కడే గోనియోమీటర్ తన విలువ చూపిస్తుంది. రోగిని పడుకోబెట్టి, మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలిని దానంతట అదే కిందికి జారనిస్తాను. సున్నాకు వచ్చిందనుకుందాం. తర్వాత కాలు చాచి పైకెత్తమంటాను. అప్పుడు 15 దగ్గర వంగిపోతే కీలులో అడ్డం లేదు, తొడ ముందు కండరానికి బలం లేదు. అతన్ని లాగి సాగదీస్తే ఫలితం ఉండదు, కండరాన్ని మేల్కొలపాలి. రెండుసార్లూ 15 దగ్గరే ఆగితే కీలు చుట్టూ ఉన్న పొరో, వెనక కండరాలో బిగిసి ఉంటాయి. అప్పుడు సాగదీయాలి. మోకాలు మెలిపడిన తర్వాత చాపబోతే స్ప్రింగులా వెనక్కి తన్నే అడ్డం తగిలితే, లోపల మెనిస్కస్ (మోకీలులో ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) చిరిగి ఇరుక్కుని ఉండవచ్చు. అలాంటివారికి వ్యాయామం మొదలుపెట్టను, ఎముకల వైద్యుడి దగ్గరికి పంపుతాను. చూడటానికి అదే వంకర, కారణాలు మూడు, చేయాల్సినవీ మూడు.

భుజం విషయంలోనూ ఇలాంటిదే జరుగుతుంది. చేయి పైకి లేవడం లేదనగానే ఎక్కువమంది దాన్ని ఫ్రోజెన్ షోల్డర్ (కీలు పొర బిగిసి భుజం పట్టేయడం) అనేస్తారు. మోచేతిని ఒంటికి ఆనించి 90 డిగ్రీలు వంచి, ముంజేతిని బయటివైపు తిప్పి కొలవండి. మనం తిప్పినా తిరగకపోతే, రెండో భుజంతో పోలిస్తే సగానికి పైగా తగ్గిపోతే, ఎక్స్‌రేలో అరుగుదల గానీ, తప్పిన కీలు గానీ లేకపోతే, అప్పుడు ఆ పేరు సరిపోతుంది. రోగి తనంతట తాను ఎత్తలేకపోయినా మనం ఎత్తితే చేయి హాయిగా వెళ్తుంటే అనుమానం రొటేటర్ కఫ్ (భుజం కీలును చుట్టి పట్టుకునే కండరాల స్నాయువులు) చిరుగు మీదికి పోవాలి. దానికి అల్ట్రాసౌండో, ఎంఆర్ఐయో అవసరమవుతుంది. ఏ పరీక్ష అవసరమో, ఏది అనవసరమో ఈ ప్లాస్టిక్ ముక్క ముందే చెప్పడం నాకు ఎంతో తృప్తినిచ్చే విషయం.

మోచేయి గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. మోచేతి గాయం తర్వాత త్వరగా కదలాలన్న ఆత్రంతో బలవంతంగా వంచడం, మర్దన చేయించడం మహా ప్రమాదం. గాయపడిన కండరంలో ఎముక పెరిగే మయోసైటిస్ ఆసిఫికాన్స్ అనే స్థితికి అది దారితీయగలదు. మోచేతిని నేను వారం వారం కొలిచి కాగితం మీద గీత గీస్తాను. పెరుగుతూ వచ్చిన అంకె ఉన్నట్టుండి వెనక్కి నడిచి, ముందుభాగంలో వేడి, నొప్పి, గట్టి వాపు తోడైతే సాగదీయడం అక్కడికక్కడే ఆపి ఎక్స్‌రేకి పంపుతాను. అంకె రాసుకోకపోతే "ఇంకా గట్టిగా వంచాలేమో" అనిపించే సమయమది. వంచితే సరిగ్గా హాని జరిగేదీ అప్పుడే.

చీలమండకు ఒకే పరికరంతో రెండు కొలతలు తీయాలి. మోకాలు చాచి పాదాన్ని పైకి లేపితే తక్కువ, మోకాలు వంచి లేపితే ఎక్కువ వచ్చిందంటే బిగుతు పిక్కలోని గ్యాస్ట్రాక్నీమియస్ కండరంలో ఉంది, ఎందుకంటే ఆ కండరం మోకాలిని కూడా దాటి వెళ్తుంది. రెండింటిలోనూ ఒకేలా తగ్గితే దాని కిందే ఉండే, మోకాలిని దాటని సోలియస్ కండరాన్నో, కీలునో చూడాలి. మడమ నొప్పితో వచ్చేవారిలో ఈ చిన్న పరీక్ష చేయకుండా ఏ వ్యాయామమూ రాసివ్వను.

ఇక లోపాలు. తుంటి దగ్గర ఇది సులభంగా మోసపోతుంది. తుంటి వంగి బిగుసుకుపోయిన మనిషి నడుమును విల్లులా వంచి తొడను మంచానికి ఆనించేస్తాడు, అంకె బాగున్నట్టే కనిపిస్తుంది. హ్యూ ఓవెన్ థామస్ పేరుతో ఉన్న పరీక్షలో చేసినట్టు రెండో తొడను పొట్టవైపు మడిచి, నడుము మంచానికి ఆనేలా చేసి కొలిస్తేనే నిజం బయటపడుతుంది. భుజం ఎత్తేటప్పుడు రెక్క ఎముక కదలికను పట్టుకోకపోయినా ఇదే జరుగుతుంది. లావుపాటి తొడల మీద ఎముక గుర్తులు దొరకడం కష్టం. కీలు ఎందుకు ఆగింది, మెత్తగా ఆగిందా, గట్టిగా ఆగిందా, నొప్పితో రోగే ఆపాడా అన్నది చేతికి తెలియాలే తప్ప బద్దలకు తెలియదు. జ్వరంతో పాటు ఎర్రగా వేడెక్కి, ముట్టుకోనివ్వని కీలును, శస్త్రచికిత్స తర్వాత ఉన్నట్టుండి వాచి నొప్పెడుతున్న పిక్కను కొలుస్తూ కూర్చోకూడదు. వాళ్లను వెంటనే వైద్యుడి దగ్గరికి పంపాలి.

పరికరంగా చూస్తే రెండు ఫిర్యాదులు ఉన్నాయి. స్పిరిట్‌తో తుడిచి తుడిచి అంకెల ముద్ర చెరిగిపోతుంది. ప్లాస్టిక్‌లోకి చెక్కిన గీతలున్నవే కొనండి. మేకు వదులైతే చదివేలోపే బద్ద జారుతుంది, మరీ బిగుతైతే కాలితో పాటు సాఫీగా కదలదు. కొనేముందు పైకెత్తి పట్టుకుని బద్ద ఉన్నచోటే నిలుస్తుందో లేదో చూడండి. మోకాలికి, తుంటికి పొడవాటి బద్దలే కావాలి. పొట్టి బద్దలతో దూరంగా ఉన్న ఎముక గుర్తును గురి చూడటం ఊహగా మారిపోతుంది.

ఫోనులోని యాప్‌లూ వాడి చూశాను. భూమ్యాకర్షణ దిశను బట్టి వంపును లెక్కించే యాప్, మోకాలు వంచడం లాంటి నిలువు తలంలోని కదలికలకు బాగానే పనిచేస్తుంది. కూర్చున్న మనిషి మోచేతిని ఒంటికి ఆనించి ముంజేతిని పక్కకు తిప్పినప్పుడు ఫోను వంపు మారదు కాబట్టి అది ఏమీ చెప్పలేదు. ఆ కొలతకు నేను మళ్లీ ప్లాస్టిక్ దగ్గరికే వస్తాను.

రోగులు ఇంట్లో దీన్ని కొనుక్కోవాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. తన మోకాలిని తానే వంగి చూస్తూ కొలిస్తే అంకె నిలకడగా రాదు. కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుని, నొప్పి భరించగలిగినంత వరకు పాదాన్ని వెనక్కి జరిపి, బొటనవేలి కొస దగ్గర నేలమీద టేపు ముక్క అంటించండి. వారం తర్వాత అదే కుర్చీ, అదే చోటు, అలాగే కూర్చుని మళ్లీ అంటించండి. రెండు టేపుల మధ్య దూరాన్ని తేదీతో రాసి మీ ఫిజియోథెరపిస్టుకు చూపిస్తే ఆయనకు కావాల్సినది దొరుకుతుంది.