కైఫియత్తు వెతుక్కుంటూ కడప నుంచి చెన్నైకి

మా పూర్వికులు కరణీకం చేసిన ఊరు సిద్ధవటం తాలూకాలోది. ఆ ఊరి కైఫియత్తును కళ్లారా చూడాలని పెదనాన్నకు ఎన్నాళ్ల నుంచో కోరిక. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యే దాకా తాతయ్య రాసిన లెక్కలు చూస్తూ పెరిగిన మనిషి ఆయన. గొలుసుకట్టు రాతను ఆయనంత సులువుగా మా ఇంట్లో ఇంకెవరూ చదవలేరు. వయసు డెబ్బై ఎనిమిది. ఇక వాయిదా వేయకూడదనిపించి డిసెంబరులో ఐదు రోజులు సెలవు పెట్టాను. ఇద్దరం బయలుదేరాం.

కైఫియత్తులంటే ఊరి వృత్తాంతాలు. 1800లో దత్తమండలాలు, అంటే మన రాయలసీమ ప్రాంతం, నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. ఆ తర్వాత ఇక్కడ సర్వే చేసిన కాలిన్ మెకంజీ, తన కింద పనిచేసే మనవాళ్లను ఊరూరికీ పంపి ఈ వృత్తాంతాలు రాయించాడు. కరణాల దగ్గరున్న దండకవిలెలు (ఊరి పాత లెక్కల, దాఖలాల పుస్తకాలు), గుళ్లలోని శాసనాలు, పెద్దల నోటిమాట వాటికి ఆధారం. ఏలూరు నుంచి వెళ్లిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి లేకపోతే ఈ సేకరణే లేదని నా గట్టి నమ్మకం. 1821లో మెకంజీ పోయాక ఆ పనిని తానే కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే ఒప్పుకోలేదు. అది చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

మొదటి మజిలీ కడప. స్టేషనుకు దగ్గరలో దిగిన లాడ్జి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. గది శుభ్రంగా ఉంది కానీ వేడినీళ్లు వస్తాయని చెప్పిన వేళకు రాలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు లిఫ్టు ఉందో లేదో ముందే అడగండి. మేము అడగక మూడో అంతస్తు ఎక్కాం.

ఎర్రముక్కపల్లిలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం, ఒకప్పుడు బ్రౌన్ బంగళా ఉన్న చోటే వెలిసింది. బంగళా శిథిలమైపోయినా ఆ నేలను వదులుకోకుండా అక్కడొక గ్రంథాలయం కట్టించడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పడిన శ్రమ కడపలో అందరికీ తెలిసిందే. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. కడప జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చు వేసింది ఈ కేంద్రమే. మా ఊరి పేరు చెప్పగానే అక్కడున్న ఆయన "కూర్చోండి పెద్దాయనా, తెస్తాను" అని పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు. పావుగంట కూడా పట్టలేదు. మౌజే (గ్రామం), సముతు (కొన్ని ఊళ్ల సముదాయం), మాన్యాలు, అగ్రహారాలు, ఏ దేవుడికి ఎంత భూమి, ఏ చెరువు ఎవరు తవ్వించారు, అన్నీ వరుసగా ఉన్నాయి. చెరువు తవ్వించినవాడి పేరు రావాల్సిన చోట మాత్రం వరుసగా చుక్కలు! పెదనాన్న ఆ చుక్కల దగ్గరే ఆగిపోయారు. "మూలంలో ఏముందో చూడాలమ్మా" అన్నారు.

ఆ మధ్యాహ్నం సిద్ధవటం వెళ్లాం. పెన్న ఒడ్డున మట్లి రాజుల కోట. కడపకు ముందు జిల్లా కేంద్రం ఇదే, 1808 నుంచి 1812 వరకు. ఎండ తగ్గాక వెళితే మంచిది. తాగునీళ్లు వెంట తీసుకువెళ్లండి.

మర్నాడు రేణిగుంట మీదుగా రైల్లో చెన్నై. ఎగ్మూరు స్టేషను పక్క సందులో ఉన్న వసతి గృహం ఖరీదు కడప కంటే బాగా ఎక్కువ. రాత్రంతా వాహనాల మోత. అయినా మళ్లీ వెళితే అక్కడే దిగుతాను. ఎర్ర ఇటుకల రికార్డు ఆఫీసు, అంటే ఇప్పటి తమిళనాడు ఆర్కైవ్స్, అక్కడికి నడిచి వెళ్లేంత దూరం. 1909 నాటి ఆ భవనంలో సెయింట్ జార్జి కోట కాగితాలు పదిహేడో శతాబ్దం నుంచి ఉన్నాయి. కోట దినచర్య పుస్తకాలను పాత రోజుల్లోనే అచ్చు వేయించారు కనుక, అసలు కాగితాన్ని ముట్టుకోకుండానే వాటిలో చాలావాటిని చదువుకోవచ్చు.

మాకు కావాల్సింది మాత్రం కొట్టూరుపురంలో ఉంది. 1869లో మొదలైన ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఇప్పుడు అన్నా శతజయంతి గ్రంథాలయ భవనంలో నడుస్తోంది. లోకల్ రైల్లో సులువుగా చేరుకోవచ్చు. విశ్వవిద్యాలయం నుంచో కళాశాల నుంచో పరిచయ లేఖ తీసుకువెళ్లడం మరిచిపోవద్దు. నేను తీసుకువెళ్లిన లేఖ వల్లే పని సాఫీగా జరిగింది.

మెకంజీ రాయించిన కాగితాలు చివికిపోతుంటే బ్రౌన్ వాటికి నకళ్లు తీయించాడు. ఆ నకళ్ల సంపుటాల్లో ఒకటి మా ముందుకు వచ్చింది. కాగితం తేనె రంగుకు తిరిగింది. అంచులు వేలు తగిలితే రాలిపోయేలా ఉన్నాయి. పుట మీద పలుచని కాగితం అతికి, కింది అక్షరాలు మంచు వెనక నుంచి కనిపించినట్టు కనిపించాయి. సిరాలోని ఇనుము కొన్ని అక్షరాలను తినేసింది. "క్ష" ఉండాల్సిన చోట ఆ అక్షరం ఆకారంలోనే చిల్లు. పెదనాన్న చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, పదాల మధ్య ఖాళీ లేని ఆ రాతను తడుముకోకుండా చదువుకుంటూ పోయారు.

చెరువు దగ్గరికి వచ్చేసరికి ఆగారు. అక్కడ చిల్లు లేదు, చెదపురుగు కొట్టిందీ లేదు. కాగితం చక్కగా ఉంది. రాసినవాడే ఐదారు అక్షరాలకు సరిపడా చోటు వదిలి, ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టాడు. అంటే బ్రౌన్ మనిషి చేతికి వచ్చేసరికే ఆ పేరు పోయింది. తెలియనిదాన్ని ఊహించి రాయకుండా చోటు వదిలిన ఆ రాయసగాడికీ, ఆ ఖాళీని కప్పిపుచ్చకుండా చుక్కలుగా అచ్చు వేసిన కడపవారికీ నేను మనస్ఫూర్తిగా నమస్కరిస్తున్నాను.

ఈ ప్రయాణంలోనే ఇంకో ఊళ్లో ఒక పాత కార్యాలయానికి కూడా వెళ్లాం. కిటికీ కింద, నేల మీద, వాన జల్లు పడే చోట ఫసలీల (పాత రెవెన్యూ సంవత్సరాల) నాటి లెక్కల కట్టలు. ఒక కట్ట కింది భాగం అట్టలా గట్టిపడి పుటలు విడిపోవడం లేదు. వాటికి నకలు లేదు, అచ్చు లేదు. ఏ ఊరి పేరు ఆ కట్టలో అంటుకుపోయిందో ఎవరికి తెలుస్తుంది?

కడప జిల్లాలోని సొంత ఊరి చరిత్ర కోసం వెళ్లేవారు ముందు కడప వెళ్లండి. ఒక్క రోజు చాలు, అచ్చులో అంతా దొరుకుతుంది. అచ్చులో సందేహం వస్తేనే చెన్నై. దానికి కనీసం మూడు రోజులు కేటాయించండి, శని, ఆదివారాలు కలవకుండా చూసుకోండి. చదవగలిగిన పెద్దలెవరైనా ఇంట్లో ఉంటే తప్పకుండా వెంట తీసుకువెళ్లండి.

తిరుగు ప్రయాణంలో పెదనాన్న తన నోటుపుస్తకంలో ఆ వాక్యాన్ని ఖాళీతో సహా రాసుకున్నారు. ఆ చెరువును ఊళ్లో ఇప్పటికీ ఒక పేరుతో పిలుస్తారట. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు, చెరువు కింద మడి ఉన్న ముసలాయన్ను అడిగి, ఆ ఖాళీ పక్కన పెన్సిలుతో రాస్తానన్నారు.